గొంతు వెనక బుస

హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. కుడివైపుది కాస్త వదులు, చేత్తో నొక్కి పట్టుకోవాలి. రాత్రి పదిన్నర దాటింది. రాజమండ్రి దానవాయిపేటలో మా పిన్ని వాళ్ళ మేడ మీద గది ఇది. ఫ్యాను ఆపేశాం. కిటికీలు వేసేశాం. వేసవి ఉక్క. పిన్ని కొంగుతో మెడ తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, చిలకమర్తివారి 'గణపతి' తెరిచి చదవడం మొదలుపెట్టింది.

ఒక వాక్యం అయింది. ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఆగిన చోట వినండి.

స్స్స్స్... పక్కింటి పెరట్లో ఎవరో కుళాయి సన్నగా తిప్పి మరిచిపోయినట్టు. పిన్ని మళ్ళీ చదవగానే ఆ చప్పుడు గొంతు వెనక్కి వెళ్ళి దాక్కుంటుంది. ఆగిందా, మళ్ళీ ముందుకొస్తుంది. పది నిమిషాలు వింటే కథ పక్కకి పోయి ఇదే మిగులుతుంది.

"ఏదో బుస కొడుతోందిరా నాన్నా. ఇదేంటమ్మా, వానా అని అడుగుతున్నారు పిల్లలు" అని పోయిన వారం ఫోన్లో చెప్పింది. అందుకే వచ్చాను. హైదరాబాదులో డబ్బింగ్ థియేటర్లో సౌండు పని నాది. గాజు తలుపు అవతల బూత్‌లో ఆర్టిస్టు నిలబడితే ఇవతల కూర్చుని, పెదవి చప్పుడు దగ్గర్నుంచి పట్టుచీర గరగర దాకా పట్టుకోవడమే ఉద్యోగం.

ఆ పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. చూపు లేనివాళ్ళు. పిన్ని తెలుగు టీచరుగా రిటైరయ్యాక వాళ్ళ కోసం కథలు చదివి ఫోన్లకు పంపుతోంది. 'గణపతి' ఎంచుకోవడానికి కారణం నవ్వించడమొక్కటే కాదు. రాసినాయనా ఈ గోదావరి ఒడ్డున బతికినవాడే, చూపు పోగొట్టుకున్నవాడే. 1946లో పోయారు కాబట్టి పుస్తకం మీద హక్కుల అడ్డంకి కూడా లేదు.

టేబుల్ మీద సరంజామా చూడండి. మైకు షూర్ ఎస్ఎం58. 1966 నుంచీ స్టేజీ మీద పాటగాళ్ళు చేత్తో పట్టుకునే రకం. మా తమ్ముడు కాలేజీ బ్యాండు రోజుల్లో కొని, అమెరికా వెళ్తూ వదిలేసిపోయాడు. దాన్నుంచి ఎక్స్ఎల్ఆర్ కేబులు ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి, అక్కణ్ణుంచి యూఎస్‌బీ వైరు లాప్‌టాప్‌లోకి. ఇంటర్‌ఫేస్ ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని కొన్నదట. దాని లోపలే మైకు శబ్దాన్ని పెంచే ప్రీయాంపు ఉంటుంది; ఎంత పెంచాలో చెప్పే గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. మైకు పిన్నికి మూరెడు దూరంలో, పుస్తకానికి అవతల, దేవుడి ముందు దీపంలా నిలబడి ఉంది.

"ప్రీయాంపు మార్చాలంటున్నాడు షాపతను. పాతిక వేలవుతుందట. మార్చేద్దామా?"

"ఆగు పిన్నీ. ముందు ఒక నిమిషం ఏం మాట్లాడకుండా కూర్చో."

రికార్డు నొక్కాను. మీరూ కదలకండి. మా భాషలో దీన్ని రూమ్ టోన్ అంటాం, గది మౌనం. ఈ మౌనంలో ఎంతమంది మాట్లాడుతున్నారో లెక్కపెట్టండి. కింద వంటింట్లో ఫ్రిజ్ కంప్రెసర్ గుర్రు. నెత్తి మీద పాత ట్యూబులైటు చోకు గుంయ్. లాప్‌టాప్ లోపలి బుల్లి ఫ్యాను. వీటన్నిటి మీదా సన్నగా, దోమ రాగంలా ఒక కీచు. దూరంగా వంతెన మీద రైలు. గోదావరి మీద రైలు పోతుంటే ఈ పేటలో గోడలు కూడా మెల్లగా దరువేస్తాయి.

మీటరు మైనస్ 45 దగ్గర ఊగుతోంది. పిన్ని చదివేటప్పుడు గొంతు సగటు మైనస్ 20. అంటే మాటకీ మౌనానికీ మధ్య పాతిక డెసిబెళ్ళే. అమెరికాలో ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ వాళ్ళ నిబంధన ప్రకారం గొంతు సగటు మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య ఉండాలి, మౌనం మైనస్ 60 కంటే కిందుండాలి. మనం వాళ్ళకి పంపడం లేదు. కానీ ఇయర్‌ఫోన్లలో గంటల తరబడి వినే పిల్లలకి ఆ గీత సరైనదేనని నా అనుభవం.

ఒక్కొక్కటీ ఆపుదాం. ఫ్రిజ్ ప్లగ్గు తీయడానికి పిన్నే కిందకి వెళ్ళింది. "పాలు విరుగుతాయేమో చూసుకో" అని మెట్ల మీంచే కేక. ట్యూబులైటు ఆపి, సెల్‌ఫోన్ టార్చి పుస్తకం మీదకి వాల్చాను. లాప్‌టాప్ చార్జరు పీకాను. వినండి, ఆ దోమ రాగం ఠక్కున ఆగింది! రెండు పిన్నుల చార్జరు, ఎర్తింగ్ లేదు; దాని చెత్తంతా యూఎస్‌బీ వైరు గుండా ఇంటర్‌ఫేస్‌లోకి ఎక్కుతోంది. ఇళ్ళలో రికార్డు చేసేవాళ్ళు చాలామంది దీన్ని హిస్ అనుకుని మైకులు మార్చేస్తుంటారు. హిస్ అంటే 'స్స్' మనే గాలిలాంటిది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 'గుంయ్' మనే హమ్ ఆ స్థాయిలోనూ, దానికి రెట్టింపు 100 దగ్గరా పలుకుతుంది. కీచు చాలావరకు కంప్యూటరుది. మూడూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరు.

మీటరు మైనస్ 49కి దిగింది. బుస మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. "పిన్నీ, ఒక బొంత ఉందా?"

బీరువా పైనుంచి పాత చీరలతో కుట్టిన బొంత దించింది. మా అమ్మమ్మ కుట్టింది. మైకును అందులో నాలుగు చుట్లు చుట్టి మంచం మీద పడుకోబెట్టాను. గెయిన్ కదపలేదు. మళ్ళీ ఒక నిమిషం రికార్డు. గదిలోంచి వచ్చే చప్పుడే అయితే బొంతలో అణగాలి. వినండి... దాదాపు అంతే ఉంది. ఒకటిన్నర డెసిబెల్ తగ్గిందంతే. అంటే మిగిలిన బుస గదిది కాదు, వైర్ల లోపలిది. అణగి ఉంటే ఎంత ఖరీదైన ప్రీయాంపు కొన్నా పైసా ఉపయోగం ఉండదు. డబ్బు పెట్టాల్సింది తలుపు సందులకీ పరదాలకీ. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా షాపులో అడుగు పెట్టకూడదు.

"లోపల ఏముందిరా బుస కొట్టడానికి?"

చెప్పాను. రాగి తీగలో ఎలక్ట్రాన్లు వేడికి ఊరికే కదులుతూనే ఉంటాయి. ఈ వేసవి రాత్రి మనిద్దరం కుదురుగా కూర్చోలేనట్టే. ఆ కదలిక కూడా ఒక బుల్లి విద్యుత్తే. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ అనే శాస్త్రవేత్త దాన్ని కొలిచి చూపాడు, నైక్విస్ట్ అనే మరో శాస్త్రవేత్త లెక్క కట్టి కారణం చెప్పాడు. ఇద్దరి పత్రాలూ 1928లో అచ్చయ్యాయి. తీగ ఉన్నంతకాలం, దానికి వేడి ఉన్నంతకాలం ఈ బుస ఉంటుంది. మామూలు మైకుల 150 ఓమ్‌ల నిరోధానికి, మనం వినే ధ్వని పరిధిలో, అది సుమారు మైనస్ 131 డీబీయూ (వోల్టేజీని డెసిబెళ్ళలో చెప్పే కొలత). ఏ కంపెనీ ఇంజనీరూ దాటలేని గీత అది. ప్రతి ప్రీయాంపూ దానికి తన సొంత బుస కొంత కలుపుతుంది. ఆ మొత్తాన్ని ఈఐఎన్ అనే అంకెతో చెబుతారు. మైనస్ ఎంత పెద్దదైతే అంత నిశ్శబ్దం. పిన్ని ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన కాగితం తిరగేశాను. ఆ అంకే వేయలేదు.

సరే, కొనడం తర్వాత. ముందు మైకు జరుపుదాం.

మూరెడు అంటే పద్దెనిమిది అంగుళాలు. జానెడు దూరానికి తెచ్చాను, తొమ్మిది. దూరం సగమైతే గొంతు ఆరు డెసిబెళ్ళు పెరుగుతుంది, కాబట్టి గెయిన్ అంత తగ్గించుకోవచ్చు, బుసా అంత తగ్గుతుంది. ఇంకా దగ్గరికి, బెత్తెడు దూరానికి, అంటే నోటికీ మైకుకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేటంత. మూరెడు నుంచి బెత్తెడుకి వస్తే పదిహేను డెసిబెళ్ళ పైనే లాభం. నాబ్ చివర నుంచి బాగా వెనక్కి తిప్పాను.

"చదువు పిన్నీ."

చదివింది. హెడ్‌ఫోన్లు నొక్కి పట్టుకోండి. గొంతు ఎంత దగ్గరికొచ్చిందో! మంచం పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది. ఆగిన చోట చీకటి. కానీ కథానాయకుడి పేరే 'గణపతి' అయిపోయింది. 'ప' వచ్చిన ప్రతిసారీ ఢబ్బుమని గాలి దెబ్బ. 'భ', 'ఫ' అయితే మరీను.  మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల వైపుకి, ఏటవాలుగా తిప్పాను. గాలి ముందుకి పోతుంది, మాట పక్కనుంచి అందుతుంది. పిన్ని ఎంబ్రాయిడరీ ఫ్రేముకి పాత నైలాన్ సాక్సు బిగించి మధ్యలో నిలబెట్టాను. ఢబ్బు సగం పోయింది. ఇంత దగ్గర్లో ఈ రకం మైకు అడుగుస్వరాన్ని లావు చేస్తుంది, పిన్ని గొంతు నాలుగేళ్ళు చిన్నదై, ఆరోగ్యంగా వినిపించింది. 80 హెర్ట్జ్ కింద కోస్తే చాలు.

అయితే ఇరవై నిమిషాలు బెత్తెడు దూరంలో కుదురుగా ఉండటం అరవై ఆరేళ్ళ మనిషికి శిక్ష. మెడ పట్టేస్తోంది, పుస్తకం కనబడటం లేదు. ఆరంగుళాల దగ్గర రాజీ పడ్డాం. మీటరు మైనస్ 58.

ఆ మైనస్ 60 గీతకి ఇంకా రెండు డెసిబెళ్ళు దూరం. అప్పుడు నా సంచీ తెరిచాను.

ఒక సంగతి ఒప్పుకుని తీరాలి. చౌక ప్రీయాంపులంటే మా తరం సౌండు వాళ్ళకి చిన్నచూపు. ఆ రోజులు పోయాయి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ నాలుగో తరం పెట్టెల్లో ఈఐఎన్ మైనస్ 127, మోటూ ఎం2లో మైనస్ 129. ఈ అంకెలు చూసేటప్పుడు పక్కన 'ఏ-వెయిటెడ్' అని ఉందా అన్నది గమనించండి. చెవికి అంతగా ఆననివి తగ్గించి లెక్కగట్టే పద్ధతి అది, దాంతో అంకె రెండు మూడు డెసిబెళ్ళు మెరుగ్గా కనిపిస్తుంది. అదీ సర్దుకున్నాక, ప్రకృతి గీసిన గీతకీ ఈ పెట్టెలకీ మధ్య ఐదారు డెసిబెళ్ళే మిగిలాయి. లక్షలు పోసి స్టూడియో ప్రీయాంపు కొన్నా, బుస విషయంలో ఆ ఐదారులో కొంతే తగ్గించగలదు. ఇందాక మైకు జరిపితే పదిహేను తగ్గింది. పాతిక వేల మాట చెప్పిన షాపతని ముందు ఈ రెండు అంకెలూ పెట్టాలని ఉంది.

ఇక పెట్టె ఎంచుకునేటప్పుడు చూడాల్సిన రెండో అంకె గెయిన్. ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకులు బద్ధకస్తులు. ఒక ప్రామాణిక ధ్వనికి ఇది ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు. పాడ్‌కాస్టుల్లో అందరూ వాడే ఎస్ఎం7బీ ఇంకా తక్కువ, 1.12. అదే ధ్వనికి ఆడియో-టెక్నికా ఏటీ2020 కండెన్సర్ మైకు 14 మిల్లీవోల్టుల పైనే ఇస్తుంది. ఇంట్లో మెల్లగా చదివే గొంతుకి డైనమిక్ మైకుతో యాభై ఐదు, అరవై డెసిబెళ్ళ గెయిన్ కావాలి. స్కార్లెట్ సోలో నాలుగో తరంలో 57 ఉంది, ఎస్ఎం58కి ఆరంగుళాల్లో సరిపోతుంది, కానీ నాబ్ చివరికి దగ్గరగా ఉంటుంది. మోటూ ఎం2లో 60. స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరంలో 69, ఎస్ఎం7బీని కూడా ఇబ్బంది లేకుండా లేపుతుంది.

నేను తెచ్చింది అదే. థియేటర్లో పాటలకి వాడే పాతది. వైర్లు మార్చాను. పిన్ని ఈలోపు ఫ్లాస్కులో మజ్జిగ తెచ్చింది. పన్నెండు కావస్తోంది. మైకు అదే, చోటు అదే, గొంతు అదే. చదివింది, ఆగింది.

ఆ ఆగిన చోట నేను ఊపిరి బిగబట్టాను. మైనస్ 63. వినబడేదల్లా వీధి చివర కుక్క, పిన్ని గాజు పుస్తకానికి తగిలిన చప్పుడు. "వాన వెలిసిందిరా" అంది హెడ్‌ఫోన్లు తను పెట్టుకుని. అలా అన్నప్పుడు ఆమె ముఖం మీరు చూసి ఉండాల్సింది.

లోపలి బుస తొమ్మిది డెసిబెళ్ళు తగ్గినా మీటరు ఐదే దిగింది. మిగతాది ఇప్పుడు గదిది. ఇక్కణ్ణుంచి ప్రీయాంపు చేయగలిగిందేమీ లేదు.

సంచీలో ఇంకో చిన్న గొట్టం కూడా ఉంది, ఫెట్‌హెడ్. మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య బిగిస్తే 27 డెసిబెళ్ళు పెంచుతుంది. క్లౌడ్‌లిఫ్టర్ అయితే 25. రెండూ ఇంటర్‌ఫేస్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవరుతో నడుస్తాయి. పిన్ని పాత పెట్టెకి బిగించి చూశాను, బాగా తేరుకుంది. కొత్త పెట్టెకి బిగిస్తే శబ్దం పెరిగింది తప్ప మాటకీ మౌనానికీ మధ్య తేడా మారలేదు. ఇది తప్పక గుర్తుపెట్టుకోండి: బుస ప్రీయాంపుది అయితే ఈ గొట్టం మందు. ప్రీయాంపు ఇప్పటికే నిశ్శబ్దంగా ఉంటే ఇది గెయిన్ మాత్రమే ఇస్తుంది. దీని ధరకి ఇంకొంచెం కలిపితే మంచి ఇంటర్‌ఫేసే వస్తుంది కాబట్టి, ఉన్నది మరీ పాతదైతే నేను పెట్టెనే మార్చమంటాను.

"కండెన్సర్ మైకు కొనుక్కుంటే పోలేదా మరి?"

మంచి ప్రశ్న. చవక పెట్టెతోనూ కండెన్సరు శుభ్రంగా పలుకుతుంది, తనే గట్టిగా మాట్లాడుతుంది కాబట్టి ప్రీయాంపు లోపం బయటపడదు. అయితే దానికి సొంత బుస ఉంటుంది. ఏటీ2020కి 20 డెసిబెళ్ళు, రోడ్ ఎన్‌టీ1-ఏకి 5 మాత్రమే. లెక్కేసి చూస్తే పిన్ని ఎస్ఎం58, మైనస్ 128 ఈఐఎన్ ఉన్న ప్రీయాంపు కలిపి వేసే బుస దాదాపు ఏటీ2020 బుసకి సమానం. ఉన్న మైకు పారేయాల్సిన పని లేదు. ఇంట్లో ఏ మైకూ లేనివాళ్ళు, పెట్టె మాత్రం ఉన్నవాళ్ళు అయితే, కండెన్సరు కొనడమే చవక దారి. డైనమిక్ మైకు గది చప్పుడు పట్టదు, కండెన్సర్ పట్టేస్తుంది అంటుంటారు. అది చాలావరకు దూరం మహిమ. దాని నోట్లో నోరు పెట్టి మాట్లాడతాం, దీనికి దూరంగా కూర్చుంటాం.

పిన్ని ఇంకో మాట అడిగింది. బుసని కంప్యూటర్లో తుడిచేయొచ్చు కదా అని. తుడవొచ్చు. ఆడసిటీ ఉచితం, దాంట్లో నాయిస్ రిడక్షన్ ఉంది. రూమ్ టోన్ ముక్క చూపించి ఇలాంటిది తీసెయ్ అంటే తీసేస్తుంది. నిన్నటి పాత రికార్డింగు మీద ఇరవై నాలుగు డెసిబెళ్ళు తీసి వినిపించాను. వినండి. బుస పోయింది. పిన్ని గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది. మాటల చివర్లలో గలగల బుడగలు. అన్నిటికంటే ఘోరం: 'శ', 'ష', 'స' మూడూ ఒకే పిండి ముద్దయ్యాయి. ఊష్మాలు పలికేదీ, హిస్ ఎక్కువగా వినబడేదీ చాలావరకు నాలుగు నుంచి ఎనిమిది వేల హెర్ట్జ్ చుట్టుపక్కలే. ఒకదాన్ని కోస్తే రెండోదీ తెగుతుంది.

పిన్ని ముఖం మారిపోయింది. "వాళ్ళకి అక్షరం చెవేరా" అంది. "ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రాసి చూపించాను, శకారం ఇదీ షకారం ఇదీ అని. వీళ్ళకి నేనేం రాసి చూపించను? నా నోరే బోర్డు."

దానికి నా దగ్గర జవాబు లేదు. కొత్త రికార్డింగు మీద ఆరు డెసిబెళ్ళు మాత్రమే తీశాను. మూడు ఊష్మాలూ విడివిడిగా నిలబడ్డాయి.

పడుకోలేదు. నాలుగింటికి అసలు టేకు పెట్టుకున్నాం. ఈ ఊళ్ళో గది మౌనం బాగుండేది ఆ గంటే. అయిదు కాగానే గుడి మైకు, ఆపైన కాకులు. పిన్ని వెనకాల దండెం కట్టి నాలుగు మందపాటి నేతచీరలు ఆరేశాం. బయటి చప్పుడుని అవి ఆపలేవు, గోడలకి కొట్టుకుని వెనక్కొచ్చే తన గొంతునే మింగుతాయి. ఫ్రిజ్ ఆపాం. లాప్‌టాప్ బ్యాటరీ మీద, గుమ్మం అవతల. నాబ్ అడుగున గుర్తుకి బొట్టుబిళ్ళ అంటించాను. అత్యంత గట్టిగా చదివినప్పుడు మీటరు మైనస్ 10 దాటకూడదు. 24 బిట్ రికార్డింగులో అంతకంటే పైకి ఎక్కించాల్సిన అవసరమే లేదు.

చీకట్లో టార్చి వెలుగు, పుస్తకం మీద వేలు. పిన్ని మొదలుపెట్టింది. మధ్యలో వంతెన మీద గూడ్సు వచ్చింది. ఇద్దరం నోరు మూసుకుని, అది ఆఖరి పెట్టె దాటేదాకా కూర్చున్నాం. నాలుగూ యాభైకి అధ్యాయం ముగిసింది.

2ఐ2 అక్కడే వదిలేసి వచ్చాను. పిన్ని పెట్టిన ఖర్చు సున్నా, ఒక సాక్సు తప్ప.

మీ ఇంట్లో కథలు చెప్పే అమ్మో, పాఠాలు చదివే మాస్టారో, పద్యాలు కంఠస్థం ఉన్న తాతగారో ఉంటే, ఉన్న మైకునే ఈ రాత్రి బొంతలో చుట్టి ఒక నిమిషం రికార్డు చేయండి. తర్వాత బెత్తెడు దూరానికి తీసుకురండి. అప్పటికీ బుస మిగిలితేనే షాపుకి వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఈఐఎన్ ఎంత, గెయిన్ ఎంత అని ఈ రెండే అడగండి. ఆ అంకెలు చెప్పలేని పెట్టె ఎంత చవకైనా కొనకండి.